పాత కంప్యూటర్ మీద ఎంత ఖర్చు పెట్టొచ్చు?



ఇంట్లో ఆరేడేళ్లు దాటిన కంప్యూటర్ ఉన్నవాళ్లు నా మాటలు వింటూనే దాన్ని ఒకసారి ఆన్ చేయండి. చేసి గడియారం వైపు చూడండి. డెస్క్‌టాప్ కనిపించి, బ్రౌజర్ మీద నొక్కితే అది తెరుచుకునేదాకా ఎంతసేపు పడుతుందో గమనించండి. ఐదు నిమిషాలు పట్టినా కంగారు పడొద్దు. ఈలోగా మనం మాట్లాడుకుందాం.

"సిస్టమ్ బాగా స్లో అయిపోయిందండీ, కొత్తది కొనేయమంటారా?" కంప్యూటర్ల గురించి నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఇదే. అడగడానికి ముందే సగం నిర్ణయం అయిపోయి ఉంటుంది. షాపులో కొనేయమన్నారు, ఇంజనీరింగ్ చదివే మేనల్లుడూ కొనేయమన్నాడు. నేను కూడా ఊఁ అంటే ఇక బేరమే తరువాయి. నేను ఊఁ అనను. ఎక్కడ స్లో అయిందో చూశారా అని అడుగుతాను.

ముప్ఫై ఏళ్ల కిందటైతే ఇలా అడగడంలో అర్థం ఉండేది కాదు. 1995లో విండోస్ 95 వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ అడిగిన కనీస మెమరీ 4 ఎంబీ. ఆరేళ్లకు వచ్చిన ఎక్స్‌పీ 64 ఎంబీ అడిగింది. 2007 మొదట్లో విస్టా వచ్చేసరికి ఆ అంకె 512 అయింది. పన్నెండేళ్లలో నూట ఇరవై ఎనిమిది రెట్లు! ఆ రోజుల్లో నాలుగేళ్ల నాటి యంత్రం మీద పెట్టిన రూపాయి తిరిగి రాదు. కొత్తది కొనుక్కోవడమే తెలివైన పని.

తరువాత ఏమైందో చూడండి. 2009లో విండోస్ 7 కనీసం 1 జీబీ అడిగింది. 2015లో వచ్చిన విండోస్ 10 కూడా అదే 1 జీబీ అడిగింది. ఇవి 32 బిట్ రకాల లెక్కలు. ఆ కనీసంతో పని నడవదని కంపెనీకీ తెలుసు, మనకూ తెలుసు. అయినా సంగతి అర్థమవుతుంది. విండోస్ ఆకలి అంతకుముందులా పెరగలేదు. ప్రాసెసర్లేమో పెరుగుతూ వచ్చాయి. అందుకే పదేళ్ల కిందటి ఇంటెల్ ఐ5 ప్రాసెసర్ ఉత్తరం టైపు చేయడానికీ, కరెంటు బిల్లు కట్టడానికీ, అమెరికాలో ఉన్న అబ్బాయితో వీడియోలో మాట్లాడడానికీ ఈ రోజుకీ చాలు. చింత చచ్చినా పులుపు చావలేదంటామే, ఆ ప్రాసెసర్లను చూస్తే అదే గుర్తుకొస్తుంది.

మరి ఎందుకింత నత్తనడక? ఈపాటికి మీ కంప్యూటర్ లేచి ఉంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్, ఈ మూడు కీలూ ఒకేసారి నొక్కండి. టాస్క్ మేనేజర్ అనే కిటికీ తెరుచుకుంటుంది. చిన్నదిగా కనిపిస్తే కింద ఉన్న 'మోర్ డీటెయిల్స్' మీద నొక్కండి. సీపీయూ, మెమరీ, డిస్క్ అని వరుసగా శాతాలు కనిపిస్తాయి. పాత ఇంటి కంప్యూటర్లలో చాలావాటికి సీపీయూ దగ్గర పదో ఇరవయ్యో ఉంటుంది, డిస్క్ దగ్గర మాత్రం నూటికి నూరు. అంటే ప్రాసెసర్ చేతులు కట్టుకుని కూర్చుంది. డిస్కు ఒక్కటే చెమటోడుస్తోంది.

ఆ డిస్కు లోపల జరిగేది కాస్త తెలుసుకుంటే ఖర్చు ఎక్కడ పెట్టాలో మీకే తెలిసిపోతుంది. పాతకాలపు హార్డ్ డిస్కులో అద్దంలా మెరిసే పళ్లేలుంటాయి. లాప్‌టాప్‌లలో అవి సాధారణంగా నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతాయి, అంటే సెకనుకు 90. వాటి మీద వెంట్రుక మందం కూడా లేని ఎడంలో చదివే మొన అటూ ఇటూ జరుగుతుంటుంది. ఒక ఫైలు కావాలంటే ఆ మొన సరైన వలయం మీదికి జరగాలి, ఆపైన కావలసిన ముక్క తిరుగుతూ తన కిందికి వచ్చేదాకా ఆగాలి. రెండూ కలిపి పదిహేను మిల్లీసెకన్ల పైమాటే. ఆ లెక్కన సెకనుకు అరవై చోట్లకు అటూ ఇటూగా మాత్రమే అది వెళ్లి రాగలదు. విండోస్ లేవాలంటే వేల చిన్న చిన్న ముక్కలు వేర్వేరు చోట్ల నుంచి తేవాలి. తహసీల్దారు ఆఫీసు రికార్డు గదిలో ఒకే ఒక్క అటెండరు ఉన్నాడనుకోండి, ఒక్కో కాగితానికీ లేచి వెళ్లి ఒక్కో బీరువా తీసి రావాలి. బయట తహసీల్దారు ఎంత చురుకైనవాడైనా ఏం లాభం?

ఆ హార్డ్ డిస్కుకు బదులు వేయించుకోగల ఎస్ఎస్‌డీలో తిరిగే పళ్లెం లేదు, జరిగే మొనా లేదు. తోషిబాలో పనిచేసిన ఫుజియో మసుఒకా 1980లలో రూపొందించిన ఫ్లాష్ మెమరీయే అందులో ఉండేది. ఏ చోటి ముక్కనైనా దాదాపు ఒకే వేగంతో, మిల్లీసెకనులో పదోవంతు సమయంలో అందిస్తుంది. చవక రకమైనా సెకనుకు వేల చోట్ల నుంచి తెస్తుంది. మీది బాగా పాత మదర్‌బోర్డయి, దానికి డిస్కు తగిలించే సాటా కనెక్షన్ నెమ్మది రకమైనా సరే, తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఐదు నిమిషాలకు లేచే యంత్రం అర నిమిషంలో లేచి కూర్చుంటుంది. పాత కంప్యూటర్‌కు చేయించగల మార్పుల్లో దీనికి సాటి వచ్చేది లేదని నా గట్టి అభిప్రాయం. ప్రాసెసర్ మార్చమన్నా, గ్రాఫిక్స్ కార్డు వేయిస్తే పరుగెత్తుతుందన్నా వినకండి. ఇంటి పనులకు అవి దండగ.

రెండున్నర అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ పాత లాప్‌టాప్‌లో హార్డ్ డిస్కు ఉన్న చోటే కూర్చుంటుంది. చాలా లాప్‌టాప్‌లలో వెనక మరలు నాలుగైదు విప్పితే సరిపోతుంది. కాస్త కొత్త యంత్రాల్లో ఎమ్.2 అని సన్నటి పట్టీలాంటి ఎస్ఎస్‌డీ పెట్టే చోటు ఉంటుంది. అందులో మళ్లీ సాటా, ఎన్‌వీఎంఈ అని రెండు రకాలు. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, ఒకదాని చోట ఇంకోటి పనిచేయకపోవచ్చు. యంత్రం మోడల్ నంబరు చెప్పి కొనండి, కుదరకపోతే వెనక్కి తీసుకుంటామన్న మాట ముందే తీసుకోండి.

ఎస్ఎస్‌డీలు రాసీ రాసీ అరిగిపోతాయటగా అని కొందరి అనుమానం. అరిగే మాట నిజమే. 240 జీబీ చవక రకాల్లో కొన్నింటి మీద 80 టీబీ దాకా రాయొచ్చని తయారీదారులు చెబుతారు. మీరు రోజుకు 20 జీబీ రాసినా ఏడాదికి ఏడు టీబీల పైచిలుకు. పదేళ్లు దాటుతుంది. ఇంట్లో అంత రాసేవాళ్లెవరు? అసలు జాగ్రత్త పడాల్సిన విషయం వేరే ఉంది. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో పడేస్తే ఎస్ఎస్‌డీ లోపలి సమాచారం చెదిరిపోయే ప్రమాదం ఉంది. పెళ్లి ఫోటోలు దాచిపెట్టే పెట్టెగా దాన్ని వాడకండి.

డిస్కు మార్చాక కొత్తగా విండోస్ వేయించాలి కదా. ఇక్కడ చాలామంది అనవసరంగా నష్టపోతారు. విండోస్ 8 రోజుల నుంచి బ్రాండెడ్ లాప్‌టాప్‌లలో లైసెన్సు తాళం బోర్డులోనే రాసి ఉంటుంది. అదే రకం విండోస్ మళ్లీ వేస్తే ఇంటర్నెట్ తగలగానే దానంతటదే గుర్తుపడుతుంది. మీరు డబ్బు పెట్టి కొన్న విండోస్ ఉండగా, షాపులో క్రాక్ చేసిన కాపీ వేయించుకుని, దాంతోపాటు వచ్చే వైరస్‌ను ఇంటికి తెచ్చుకోవడం ఎందుకు? "ఒరిజినలే వేయండి, లైసెన్సు బోర్డులో ఉంది" అని ఒక్క మాట చెప్పండి.

డిస్కు తరువాత ర్యామ్, అంటే మెమరీ. టాస్క్ మేనేజర్‌లో మెమరీ ఎనభై, తొంభై శాతం దగ్గరే వేలాడుతుంటే 4 జీబీని 8 చేయించండి. ఇంటికి 8 చాలు. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని చోట ఒకటి పట్టవు, గాడి ఉండే చోటే వేరు. లాప్‌టాప్ ర్యామ్ పొట్టిగా ఉంటుంది, డెస్క్‌టాప్‌ది పొడవు. కొన్ని సన్నటి లాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే సోల్డర్ చేసేస్తారు. కోవిడ్ రోజుల్లో ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న చవక లాప్‌టాప్‌లు కొన్ని ఈ రకమే. 4 జీబీ ర్యామ్ అతుక్కుని ఉంటుంది, డిస్కు స్థానంలో ఈఎంఎంసీ అనే చిన్న మెమరీ, అదీ బోర్డుకే అతుక్కుని ఉంటుంది. వాటికి చేయించగలిగింది దాదాపు ఏమీ లేదు. వయసులో చిన్నవైనా ఆ యంత్రాల కంటే 2014 నాటి బరువైన లాప్‌టాప్ బాగుచేసుకోవడానికి మేలు.

ర్యామ్ ధరల సంగతి చెప్పకుండా ముందుకు పోతే ఈ ప్రసంగం సగమే అవుతుంది. ప్రపంచంలో ర్యామ్ చిప్పులు తయారుచేసేది ప్రధానంగా మూడు కంపెనీలు: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా సెంటర్లకు ఖరీదైన మెమరీ గుట్టలుగుట్టలుగా కావాలి. ఆ మూడింటి దృష్టీ అటు మళ్లింది. 2025 చివరి నెలల్లో మామూలు ర్యామ్ ధరలు రెట్టింపు దాటిపోయాయి. ఆ డిసెంబరులోనే మైక్రాన్, ఇళ్లలో వాడేవాళ్ల కోసం ఏళ్లుగా నడిపిన క్రూషియల్ బ్రాండ్ అమ్మకాలు మానేస్తున్నట్టు ప్రకటించింది. ఎస్ఎస్‌డీల ధరలు కూడా ర్యామ్ వెంటే ఎక్కాయి. రెండు మూడేళ్ల కిందట 2,000 రూపాయల లోపే దొరికిన 256 జీబీ ఎస్ఎస్‌డీకి ఇప్పుడు ఎక్కువ అడుగుతారు, ఆశ్చర్యపోకండి. అయినా లెక్క పాత కంప్యూటర్ వైపే మొగ్గుతుంది. కొత్త కంప్యూటర్‌లోనూ అవే చిప్పులుంటాయి కదా, దాని ధరా పెరుగుతుంది. పైగా డీడీఆర్3 లాంటి పాత ర్యామ్ వాడినదే సర్వీసు షాపుల్లో దొరుకుతుంది. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనే చోట, ఒక షాపులో లేకపోతే పక్క షాపులో అడగొచ్చు. వాడిన ర్యామ్ కొనడానికి వెనకాడనక్కర్లేదు, అందులో తిరిగే భాగాలు లేవు. అక్కడికక్కడే వేయించి, ఆన్ చేయించి చూసి తీసుకోండి. వాడిన హార్డ్ డిస్కు మాత్రం ఎంత చవకగా ఇచ్చినా కొనొద్దు.

పెద్ద ఖర్చుల గురించి చెప్పాను, చిల్లర ఖర్చు ఒకటుంది. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఏ 2012కో వెళ్లిపోతోందా? బ్యాంకు సైటు తెరిస్తే 'కనెక్షన్ సురక్షితం కాదు' అంటోందా? ఇంటర్నెట్ పాడైందని కొందరు రూటరు మార్చేస్తారు. అసలు దోషి బోర్డు మీద ఉండే రూపాయి బిళ్లంత సెల్. 2032 అని అడిగితే ఇస్తారు. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. ప్రతి సురక్షిత వెబ్‌సైటుకూ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చెల్లే ధ్రువపత్రం ఉంటుంది. మీ కంప్యూటర్ 2012లో ఉన్నాననుకుంటే ఆ పత్రాలన్నీ దానికి దొంగ పత్రాల్లా కనిపిస్తాయి. కొన్ని పదుల రూపాయల సెల్‌తో తీరిపోయే బాధ అది. దాంతోపాటు ఫ్యాను రెక్కల్లో పేరుకున్న దుమ్ము దులిపించి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్టు మార్పించండి. మన ఎండలకు, మన దుమ్ముకు ఇది తప్పనిసరి. వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మనం దాన్ని ముసలితనం అనుకుంటాం.

ఇక అసలు చిక్కు. యంత్రం బాగుంది, డిస్కు మార్చారు, ర్యామ్ వేయించారు, అయినా ఒక గోడ అడ్డం వస్తుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంట్లో వాడేవాళ్లు పేరు నమోదు చేసుకుంటే భద్రతా సవరణలు మాత్రం 2026 అక్టోబరు 13 దాకా ఇస్తామన్నారు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగులు బ్యాకప్ చేసుకుంటే దానికి డబ్బు కూడా కట్టక్కర్లేదు. అది గడువు పొడిగింపే, పరిష్కారం కాదు. విండోస్ 11కు వెళ్దామంటే అది టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు అడుగుతుంది, ఇంటెల్ అయితే సుమారుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచి మాత్రమే ఒప్పుకుంటుంది. ఎనిమిదో తరం వచ్చింది 2017లో. ఐ5 పక్కన ఉన్న నంబరు 8తో మొదలైతే, ఉదాహరణకు 8250 అని ఉంటే, గట్టెక్కినట్టే. 7200 అనో 4210 అనో ఉంటే ఆ తలుపు మూసేశారు. దొడ్డిదారిన విండోస్ 11 వేసేస్తామనే షాపులున్నాయి. వేస్తారు కూడా. అలా వేసినదానికి తరువాతి అప్‌డేట్లు వస్తాయన్న పూచీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. బ్యాంకు పనులు చేసే యంత్రానికి నేనైతే ఆ పని చేయించను.

చక్కగా పనిచేసే యంత్రాలను ఇలా ఒక్క తేదీతో పక్కన పెట్టించడం నాకు నచ్చదు. నచ్చకపోయినా ఏదో ఒకటి చేయాలి కదా. ఇంటర్నెట్, మెయిల్, వీడియోలు, పిల్లల పాఠాలు, ఇంతే మీ పని అయితే విండోస్ బదులు లినక్స్ మింట్ వేయించి చూడండి. ఉచితం. చూడ్డానికి విండోస్‌లాగే ఉంటుంది. తెలుగు చక్కగా కనిపిస్తుంది, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనే ఉంటుంది. పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, వైఫై, ప్రింటరు పనిచేస్తున్నాయో లేదో చూసుకున్నాకే డిస్కులో వేసుకోవచ్చు. పెద్దవాళ్లకు వారం రోజుల్లో అలవాటైపోతుంది. నిజానికి మధ్యవయసు వాళ్లే ఎక్కువ సణుగుతారు.

డీటీపీ చేసేవాళ్లకు మాత్రం నా సలహా వేరు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్లి పత్రికలు, కరపత్రాలు, పుస్తకాలు తయారుచేసే వాళ్లు మన ఊళ్లలో ఇంకా చాలామంది ఉన్నారు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. దాన్ని కొత్త విండోస్‌లో నడపడానికి పడే పాట్లు అన్నీ ఇన్నీ కావు. లినక్స్‌కు తీసుకెళ్లడం ఇంకా కష్టం. అలాంటివారు ఆ పాత సిస్టమ్‌ను ఉన్నదున్నట్టు ఉంచండి. దానికి ఎస్ఎస్‌డీ వేయించండి, మొత్తం డిస్కు కాపీ ఒకటి వేరే చోట దాచండి, ఆపైన ఇంటర్నెట్ తీగ పీకేయండి. మెయిల్‌కూ వాట్సాప్‌కూ వేరే యంత్రమో ఫోనో వాడుకోండి. ఇరవై ఏళ్లుగా అన్నం పెడుతున్న పనిముట్టును ఎవరో తేదీ చెప్పారని పారేయనక్కర్లేదు.

ఏ పరిస్థితిలోనూ కొత్తది వద్దనడం లేదు. బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి ఉంటే, షాపులో బోర్డు పోయిందని చెబితే, ఆగిపోండి. అమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరి డిజైన్ సాఫ్ట్‌వేర్ కావాలంటే, అబ్బాయి యూట్యూబ్ కోసం వీడియోలు ఎడిట్ చేస్తానంటే, ఆండ్రాయిడ్ యాప్‌లు రాయడం నేర్చుకుంటానంటే, పాతదాన్ని సాగదీయకండి. 16 జీబీ ర్యామ్ ఉన్నది కొనిపెట్టండి, లేకపోతే రెండేళ్లకే మళ్లీ ఇదే చర్చ. కరెంటు ఆదా అవుతుందని మాత్రం కొత్తది కొనకండి. పాత డెస్క్‌టాప్ వంద వాట్లు, కొత్త లాప్‌టాప్ పాతిక వాట్లు అనుకుందాం. రోజుకు నాలుగు గంటలు వాడితే నెలకు తేడా 9 యూనిట్లు. ఆ ఆదాతో లాప్‌టాప్ ఖరీదు రాబట్టాలంటే మీ మనవలు కూడా అదే లాప్‌టాప్ వాడాలి.

పాతకూ కొత్తకూ మధ్య ఇంకో దారి ఉంది. పెద్ద ఆఫీసులు మూడు నాలుగేళ్లు వాడి మార్చేసే కంప్యూటర్లు రిఫర్బిష్డ్ పేరుతో మార్కెట్లోకి వస్తాయి. ఐటీ కంపెనీలున్న హైదరాబాద్‌లో వీటికి కొరత లేదు. డెల్ ఆప్టిప్లెక్స్, లెనోవో థింక్‌ప్యాడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ లాంటివి ఆఫీసుల కోసం గట్టిగా చేసినవి. విప్పి బాగుచేసుకోవడం కూడా తేలిక. ఎనిమిదో తరానికి తగ్గకుండా చూసుకోండి. కంప్యూటర్ లేచేటప్పుడు మొదట నడిచే బయోస్‌కు పాత కంపెనీ పాస్‌వర్డ్ మిగిలి ఉందేమో అడగండి, ఉంటే ముట్టుకోవద్దు. బిల్లు, కనీసం ఆరు నెలల వారంటీ లేకుండా బేరం ఆడొద్దు. లాప్‌టాప్ అయితే బ్యాటరీ ఎంత మిగిలిందో చూపించమనండి. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ బ్యాటరీ రిపోర్టు తీస్తే మొదట ఎంత నిలిచేదో, ఇప్పుడెంత నిలుస్తుందో అంకెలతో సహా వస్తుంది. ఎనిమిదో తరం యంత్రం లేని ఇల్లు, విండోసే కావాలన్న పట్టుదల, ఈ రెండూ ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఈ రిఫర్బిష్డ్ దారే.

మొత్తం ఖర్చుకు నేను ఒక గీత గీసుకున్నాను. అది శాస్త్రమేమీ కాదు, అనుభవం. పాతదాని మీద పెట్టే డబ్బు, మీ పనికి సరిపోయే రిఫర్బిష్డ్ యంత్రం ఖరీదులో మూడో వంతు దాటకూడదు. ఎస్ఎస్‌డీ, ర్యామ్, సెల్, సర్వీసు అన్నీ కలిపి ఆ లోపే అయితే కళ్లు మూసుకుని చేయించండి. బ్యాటరీ కూడా, కీబోర్డు కూడా, హింజి కూడా అంటే ఆగండి. విడివిడిగా చూస్తే చిన్న మొత్తాలే. ఒక్కోటి ఒక్కో నెలలో చేయిస్తూ పోతే ఏడాది చివర చూసుకునేసరికి కొత్తదానికి అయ్యేంత అయిపోతుంది, చేతిలో మాత్రం పాతదే ఉంటుంది. షాపుకు వెళ్లే ముందే కాగితం మీద అన్నీ రాసుకుని కూడండి.

చివరగా, తీసేసిన పాత హార్డ్ డిస్కు. అది బాగా పనిచేస్తుంటే యూఎస్‌బీ కేసు ఒకటి కొని అందులో పెట్టండి, ఫోటోలకు రెండో కాపీగా పనికొస్తుంది. పాడైపోతే, లేక కంప్యూటర్ మొత్తాన్నే వదిలించుకోవాలంటే, పాత సామాన్లు కొనేవాళ్ల బండి మీద పెట్టకండి. అలా వెళ్లినవాటిలో చాలామటుకు ఎక్కడో తీగలు కాల్చి రాగి తీసేవాళ్ల చేతికి చేరుతాయి. ఆ పొగ పీల్చేది వాళ్లూ వాళ్ల పిల్లలూ. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత పరికరాలు రీసైక్లింగ్‌కు చేరేలా చూడాల్సిన బాధ్యత తయారీదారులది. మీ బ్రాండు సైటులో ఎక్కడ ఇవ్వాలో వెతకండి, లేదా కాలుష్య నియంత్రణ మండలి గుర్తింపు ఉన్న రీసైక్లర్‌కు ఇవ్వండి. ఇచ్చే ముందు ఒక్క మాట. ఫైళ్లు డిలీట్ చేసినంత మాత్రాన, క్విక్ ఫార్మాట్ కొట్టినంత మాత్రాన అవి పోవు, తిరిగి తీసే సాఫ్ట్‌వేర్‌లు ఉచితంగానే దొరుకుతాయి. ఇంటిల్లిపాది ఆధార్ కార్డులూ, పాన్ కార్డులూ స్కాన్ చేసి పెట్టుకున్న డిస్కు అది. డిస్కు మొత్తాన్ని పూర్తిగా తుడిచే ప్రోగ్రామ్ నడిపించండి. అది చేతకాకపోతే డిస్కు ఒక్కటీ విప్పించి మీ దగ్గరే ఉంచుకుని, మిగతాది ఇచ్చేయండి.